డాలస్ దగ్గర డీర్ హంటింగ్ కోసం 60 ఎకరాలు, పెద్ద బక్స్ (మగ జింకలు) పెరగాలంటే ఏం చూసి కొనాలి?

సత్తుపల్లి_టు_ఫ్రిస్కో

అందరికీ నమస్తే. మేం ఫ్రిస్కోలో ఉంటాం, సిటిజన్‌షిప్ వచ్చింది, పిల్లలు హైస్కూల్లో ఉన్నారు. ఆఫీస్ కొలీగ్ వాళ్ళు వేట కోసం అద్దెకి తీసుకున్న భూమికి (లీజ్) తీసుకెళ్తే హంటింగ్ అలవాటైంది, ఇప్పుడు నవంబర్ వస్తోందంటే మనసంతా అక్కడే ఉంటోంది. సొంత భూమి ఉండాలని గట్టిగా అనుకుంటున్నా. ఫానిన్ కౌంటీ, లామార్ కౌంటీ వైపు తిరుగుతున్నా, 60 ఎకరాల బిట్టు ఒకటి బాగా నచ్చింది. సగం పాత ఆవుల మేత భూమి, ఎటు చూసినా పచ్చటి బెర్ముడా గడ్డి, మిగతా సగం పోస్ట్ ఓక్ అడవి, మధ్యలో ఒక కుంట, దక్షిణం వైపు కౌంటీ రోడ్. ఏజెంట్ ట్రైల్ కెమెరా (జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరా) ఫోటోలు చూపించి ఇక్కడ ట్రోఫీ బక్స్ గ్యారంటీ అంటున్నాడు.

నా డౌట్లు ఇవీ. 60 ఎకరాల్లో నిజంగా పెద్ద కొమ్ముల బక్స్‌ని పెంచొచ్చా? ప్రోటీన్ ఫీడ్ పెడితే సరిపోతుందా? లీజ్‌లో ఒక పెద్దాయన చిన్న కొమ్ములున్నవన్నీ కొట్టేసి మంచి జీన్స్ ఉన్నవి ఉంచితే కొన్నేళ్ళలో సైజు పెరుగుతుందని చెప్పాడు, అది ఎంతవరకు నిజం? ఇంకా పేపర్ల విషయంలో ఇక్కడ మన ఊళ్ళో లాగా కాకుండా ప్రత్యేకంగా చూడాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

రెడ్‌రివర్_రైతు

తమ్ముడూ, ముందుగాల ఒక మాట, బక్స్‌ని నువ్వు పెంచవు, నీ చుట్టుపక్కల వాళ్ళందరు కలిసి పెంచుతరు. మగ జింక తిరిగే ఏరియా వందల ఎకరాలు ఉంటది, రట్ టైంల, అంటే జత కట్టే కాలంల, ఆడ జింకల ఎంబడి పడితే ఇంకా దూరం పోతది. నీ 60 ఎకరాలు దానికి ఒక మూల మాత్రమే. ఏడాదిన్నర వయసుకు వచ్చిన మగపిల్ల పుట్టిన చోటు ఇడిసిపెట్టి మైళ్ళ దూరం పోవుడు మామూలే, అంటే నీ భూమిల పుట్టినది ఇంకొకరి భూమిల పెద్దగైతది, ఇంకొకరి దగ్గర పుట్టినది నీ దగ్గరికి వస్తది. అందుకే భూమి చూసే ముందు పక్కోళ్ళని చూడు. ఆ సెక్షన్ చుట్టు ఎవరెవరున్నరు, ఎంతెంత భూమి ఉంది, వాళ్ళు కనవడ్డ ప్రతి బక్‌ని కొడతరా లేక చిన్నవాటిని ఇడిసిపెడతరా అన్నది ఫీడ్ స్టోర్ కాడ, డీర్ ప్రాసెసింగ్ షాపు కాడ అడిగితే తెలుస్తది. పది పది ఎకరాలకు ముక్కలు చేసిన చిన్న రాంచ్‌ల మధ్యల 60 ఎకరాలు కొన్నవనుకో, ప్రతి ముక్కలో ఒక ఫీడరు (దాణా పోసే డబ్బా), ఒక బ్లైండు (దాక్కొని కాల్చే గుడిసె) ఉంటది, మూడేళ్ళ బక్ కనవడుడే కష్టం. అదే 60 ఎకరాలు వెయ్యి ఎకరాల పాత రాంచ్‌కి ఆనుకొని ఉంటే కథ వేరే.

కొమ్ముల సంగతికి వస్తే మూడే ఉన్నయ్: వయసు, తిండి, జీన్స్. వయసుకు మించింది లేదు. ఏడాదిన్నర బక్‌కి అది ఎదగగలిగే పూర్తి సైజులో మూడో వంతు కూడా ఉండదు, అసలు సైజు వచ్చేది 5 నుంచి 7 ఏళ్ళ మధ్య. రెండున్నరేళ్ళది, కొమ్ములకు ఎనిమిది పాయింట్లు (మొనలు) ఉన్నది కనవడంగనే కొట్టేస్తే పెద్ద బక్ ఎక్కడికెళ్ళి వస్తది? దీనికి టెక్సస్‌లోనే మంచి సాక్ష్యం ఉంది. 2002లో టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు ఆరు కౌంటీల్లో యాంట్లర్ రిస్ట్రిక్షన్ పెట్టిన్రు, బక్‌ని కొట్టాలంటే కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలన్న ఉండాలె, లేకపోతే కనీసం ఒక కొమ్ము కొమ్మలేసి ఉండొద్దు. దాంతోటి మధ్య వయసు బక్స్ మిగులుడు మొదలైంది, అటెన్క తూర్పు దిక్కు మస్తు కౌంటీలకు అదే రూల్ తెచ్చిన్రు. చెవులు నిక్కబొడుచుకుని నిలవడ్డప్పుడు రెండు చెవుల చివర్ల మధ్య దూరం దగ్గర దగ్గర 13 అంగుళాలు ఉంటది, కొమ్ములు దానికి బయటికి పోయినయా అని చూసుడే అలవాటు చేసుకో. నీ కౌంటీ పేజీ తెరిచి ఈ రూల్ ఉందా లేదా, ఆడజింకలని ఏ రోజుల్లో కొట్టనిస్తరు అన్నది ముందే చదువు, పక్క కౌంటీకి పోతే లెక్క మారిపోతది.

చిన్న కొమ్ములోటిని కొట్టేసుడు గురించి, మీ పెద్దాయన చెప్పింది చానా మంది నమ్ముతరు కానీ అడవి జింకల మీద అది పని చేస్తలేదు. సౌత్ టెక్సస్‌లోని కొమాంచీ రాంచ్‌లో ఏండ్ల తరబడి గట్టిగ కల్లింగ్ (ఇట్ల ఏరి కొట్టేసుడు) చేసి, డీఎన్ఏ తోటి తండ్రి ఎవరో పిల్ల ఎవరో పట్టుకొని చూసిన్రు, కొమ్ములు పెరగలే. ఎందుకంటే సగం జీన్స్ తల్లికెళ్ళి వస్తయి, తల్లికి కొమ్ములు లేవు, చూసి ఏరుడు ఎట్ల? పైగా ఏడాదిన్నర స్పైక్ (కొమ్మలేయని కొమ్ములది) ఎండల పుట్టిందో, లేట్‌గ పుట్టిందో, తల్లికి పాలు సరిపోలేదో నీకు తెల్వదు.

సత్తుపల్లి_టు_ఫ్రిస్కో

అన్నా చాలా థాంక్స్, పక్కోళ్ళ సంగతి నేను అసలు ఆలోచించనే లేదు. కౌంటీ మ్యాప్‌లో చూస్తే తూర్పు వైపు పెద్ద రాంచ్ ఉంది, పడమర వైపు చిన్న ముక్కలు ఉన్నాయి. మరి తిండి సంగతి? ప్రోటీన్ పెల్లెట్స్ నెలకి ఎన్ని బస్తాలు అవుతాయో లెక్కేస్తే భయమేసింది.

కృష్ణాతీరం

నేను మా వారితో కలిసి పోస్ట్ ఓక్ బెల్ట్‌లో భూమి చూసుకుంటున్నాను, మేం ఎక్కువ పని చేసింది తిండి మీదేనండి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు ఆ పచ్చటి బెర్ముడా గడ్డి గురించి. చూడ్డానికి కళ్ళకి ఇంపుగా ఉంటుంది కానీ జింకలకి అది దాదాపు ఎడారి. జింక ఆవు కాదు, గడ్డి చాలా తక్కువ తింటుంది. వాటికి కావాల్సింది వెడల్పాకు కలుపు మొక్కలు, పొదల లేత చిగుళ్ళు, తీగలు, శీతాకాలం ముందు ఓక్ కాయలు. మనం పొలంలో పీకి పారేసే రాగ్‌వీడ్ లాంటి మొక్కల్లో ప్రోటీన్ బాగా ఉంటుంది, గ్రీన్‌బ్రయర్ ముళ్ళ తీగ చిగుళ్ళు ఎక్కడ కొరికి ఉంటే అక్కడ జింకలు ఉన్నట్టే. కాబట్టి మీరు చూస్తున్న భూమిలో మేత సగం మీద పని పెట్టాలి. బెర్ముడాని చంపి, చలికాలంలో అక్కడక్కడా స్ట్రిప్పులుగా డిస్క్ తోలితే వసంతంలో ఆ వెడల్పాకు మొక్కలు వాటంతటవే లేస్తాయి, విత్తనం కొనక్కర్లేదు. ఓక్ అడవిలో ఈస్ట్రన్ రెడ్ సీడార్ కమ్మేసి ఉంటే దాన్ని నరికించండి, నేల మీదికి ఎండ పడితే చాలు కింద తిండి మొలుస్తుంది. వీలైతే ప్రిస్క్రైబ్డ్ బర్న్ (ప్లాన్ ప్రకారం అదుపులో మంట పెట్టడం) కూడా, కానీ అది తెలిసినవాళ్ళతో, పర్మిషన్లతో మాత్రమే.

మట్టి కూడా చూడండి. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) వాళ్ళ వెబ్ సాయిల్ సర్వే సైట్‌లో ఆ 60 ఎకరాల హద్దు గీస్తే ఎక్కడ ఏ మట్టి ఉందో ఫ్రీగా వస్తుంది. ఫానిన్‌లో కొన్ని చోట్ల బ్లాక్‌లాండ్ ఉంది, అది అచ్చం మన నల్లరేగడే, వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, తిండి మొక్కలు బలంగా వస్తాయి కానీ వాన పడితే ట్రక్కు దిగబడుతుంది. పోస్ట్ ఓక్ వైపు ఇసుక కలిసిన, ఆమ్ల గుణం ఉన్న నేల ఎక్కువ, అక్కడ ఫుడ్ ప్లాట్ (జింకల కోసం వేసే పైరు) వేసే ముందు సాయిల్ టెస్ట్ చేయించి సున్నం వేయకపోతే క్లోవర్ రానే రాదు.

ఫుడ్ ప్లాట్స్‌కి ఎండాకాలంలో ఐరన్ అండ్ క్లే రకం బొబ్బర్లు చాలా బాగుంటాయి, కొమ్ములు పెరిగే టైం ఏప్రిల్ నుంచి ఆగస్ట్ దాకా కాబట్టి సరిగ్గా అప్పుడే ఆకు దొరుకుతుంది. కానీ అర ఎకరం వేస్తే మొలక దశలోనే నాకేస్తాయి, కనీసం రెండు మూడు ఎకరాలు ఉండాలి, లేదా కొన్ని వారాలు కరెంట్ ఫెన్స్ పెట్టాలి. చలికాలానికి ఓట్స్, గోధుమ, క్లోవర్ కలిపి చల్లేయండి.

ఫీడ్ విషయంలో, మొక్కజొన్న జింకల్ని పిలవడానికే తప్ప కొమ్ములకి కాదు, దాంట్లో ప్రోటీన్ 8, 9 శాతమే. పెల్లెట్స్ అయితే 16 నుంచి 20 శాతం ఉన్నవి వాడతారు. ఖర్చు తట్టుకోలేకపోతే పత్తి గింజలు చూడండి, మన గేదెలకి పెట్టే పత్తిగింజలే, ఇక్కడ చాలా రాంచుల్లో జింకలకి కంచె బుట్టల్లో పోస్తారు, అడవి పందులు, రకూన్లు వాటి జోలికి పెద్దగా రావు, అదే పెద్ద లాభం. ఎందుకంటే ఓపెన్‌గా పెట్టిన పెల్లెట్స్‌లో పందుల వాటా చూస్తే ఏడుపొస్తుంది, ఫీడర్ చుట్టూ ప్యానెల్ ఫెన్స్ తప్పనిసరి.

ఇంకొక్క మాట, తిండి పెట్టిన ఏడాదే కొమ్ములు పెరుగుతాయని ఆశపడకండి. మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ డీర్ ల్యాబ్ వాళ్ళు నాసిరకం నేలల నుంచి కడుపుతో ఉన్న ఆడజింకల్ని తెచ్చి మంచి తిండి పెట్టి పెంచితే, వాటికి పుట్టిన మొదటి తరంలో కొమ్ములు వాటి ప్రాంతం సైజులోనే ఉన్నాయి, రెండో తరంలోగాని పెరగలేదు. తల్లి ఎలా తిందో అన్నది పిల్ల కొమ్ముల్లో కనిపిస్తుంది. ఆడజింకలు మరీ ఎక్కువైతే తిండంతా అవే తినేస్తాయి కాబట్టి, రూల్ ఒప్పుకున్నంత వరకు ఆడవాటిని కొట్టడం కూడా పెద్ద బక్స్ పనిలో భాగమే, ఫ్రీజర్ కూడా నిండుతుంది.

బో_అండ్_యారో

అందరూ కొనమంటున్నారు గానీ నా మాట వేరే బ్రో. ముందు రెండు మూడు సీజన్లు లీజ్ మీద ఉండు లేదా పబ్లిక్ ల్యాండ్‌లో వేటాడు. 48 డాలర్ల యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ తీసుకుంటే ఫానిన్ కౌంటీలోనే కాడో నేషనల్ గ్రాస్‌ల్యాండ్స్ ఉంది, అక్కడ నడిస్తే ఆ ఏరియాలో జింకలు ఏం తింటున్నాయో, ఏ సైజు కనిపిస్తున్నాయో నీకే తెలిసిపోతుంది. నీకు బో అలవాటైతే గ్రేసన్ కౌంటీ కూడా చూడు, అక్కడ జింకలకి రైఫిల్ లేదు, విల్లు లేదా క్రాస్‌బో మాత్రమే, అందుకే మగ జింకలు ముసలివయ్యేదాకా బతుకుతాయి, డాలస్‌కి ఇంత దగ్గరలో అంత పెద్ద కొమ్ములు ఇంకెక్కడా చూడలేదు నేను. భూమి రేటు ఎక్కువే, కానీ 20 ఎకరాలతోనే పని అవుతుంది ఎందుకంటే పక్కోడి దగ్గర కూడా రైఫిల్ వాడరు.

రైఫిల్ అయితే ఇంకో సంగతి, వేటాడేటప్పుడు నీ తూటా హద్దు దాటి పక్కోడి భూమిలోకి పోతే అది టెక్సస్‌లో నేరం, అతని రాతపూర్వక పర్మిషన్ ఉంటే తప్ప. పొడుగ్గా రిబ్బన్ లాంటి బిట్టు కొన్నావంటే ఎటు కాల్చాలన్నా ఇదే భయం, చదరంగా ఉన్నది చూసుకో.

కొత్తగూడెం_కుర్రాడు

మధ్యలో దూరుతున్నా సారీ, నేను హెచ్‌వన్‌బీ మీద ఉన్నా, నాలాంటి వాళ్ళు భూమి కొనొచ్చా, గన్ పట్టుకోవచ్చా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

కృష్ణాతీరం

బాబూ, ఇది జాగ్రత్తగా చదువు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, హెచ్‌వన్‌బీ, హెచ్‌ఫోర్ అన్నీ అందులోకే వస్తాయి. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో నీ దగ్గర ఉండటం. టెక్సస్ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయ్యి కొత్తది తీసుకోకుండా గన్ ఇంట్లో ఉంటే అది చిన్న తప్పు కాదు, వీసాకే ఎసరు. ప్రైవేట్ భూమిలో అడవి పందులకి లైసెన్స్ అక్కర్లేదని 2019లో టెక్సస్ రూల్ మార్చింది కదా అని నువ్వు లైసెన్స్ లేకుండా వెళ్ళొద్దు, ఆ రూల్ స్టేట్‌ది, గన్ రూల్ ఫెడరల్‌ది. విల్లుకి ఈ గొడవ లేదు. ఇంకా 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్స్ తప్పనిసరి.

భూమి కొనొచ్చు. అయితే వ్యవసాయ భూమి కొంటే గ్రీన్‌కార్డ్ లేనివాళ్ళు 90 రోజుల్లోపు యూఎస్‌డీఏకి ఎఫ్ఎస్ఏ 153 ఫారం ఇవ్వాలి, ఇవ్వకపోతే ఫైన్ భూమి విలువలో 25 శాతం దాకా వేయొచ్చు. చాలామంది రియల్టర్లకి ఈ ఫారం ఉందనే తెలీదు. వేరే స్టేట్ అయితే ముందు అక్కడి చట్టం చూసుకో, అయోవాలో పెద్ద బక్స్ ఉంటాయని చాలామంది ఆశపడతారు కానీ గ్రీన్‌కార్డ్ లేనివాళ్ళు వ్యవసాయ భూమి కొనకుండా అక్కడ గట్టి ఆంక్షలున్నాయి. ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫీజు ఇచ్చి కాగితం మీద రాయించుకుంటే మనశ్శాంతి.

రెడ్‌రివర్_రైతు

కృష్ణాతీరం అక్క చెప్పింది అక్షరాల నిజం. ఇగ సత్తుపల్లి తమ్ముడు అడిగిన పేపర్ల సంగతి.

ఇక్కడ భూమి మీది హక్కు వేరే, భూమి కింద ఆయిల్ గ్యాస్ హక్కు వేరే. చానా భూముల్లో మినరల్స్ ఎప్పుడో అమ్ముడైపోయి ఉంటయి, ఆ హక్కున్నోడు అవసరమైనంత మేర నీ భూమి మీద రోడ్డేసి రిగ్గు పెట్టుకోవచ్చు, నువ్వు ఆపలేవు. టైటిల్ కమిట్‌మెంట్‌లో (టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే కాగితం) షెడ్యూల్ బి పేజీ ఒక్కొక్క లైన్ చదువు, మినరల్స్, పైప్‌లైన్ ఈజ్‌మెంట్లు (వేరేవాళ్ళు నీ భూమి వాడుకునే హక్కులు), పక్కోడికి ఇచ్చిన దారి అన్నీ అక్కడనే ఉంటయి. సర్ఫేస్ వైవర్, అంటే నీ భూమి పైభాగం వాడుకోమని మినరల్స్ ఉన్నోడు రాసిచ్చుడు, దొరికితే అడుగు. సర్వే కొత్తగ చేయించు, పాత కంచె హద్దు అని నమ్మకు.

పన్ను మరీ ముఖ్యం. ఆ భూమికి ఇప్పుడు ఆవుల మీద అగ్ వాల్యుయేషన్ (వ్యవసాయ భూమి కింద తక్కువ పన్ను లెక్క) ఉండి ఉంటది. ఓనర్ మారంగనే నువ్వు మళ్ళ కొత్తగ అప్లై చెయ్యాలె, అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (పన్ను కోసం భూమి విలువ కట్టే ఆఫీసు) మే 1 లోపల. ఆవులు వద్దనుకుంటే వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్‌కి మార్చుకోవచ్చు, పన్ను అంతే తక్కువ ఉంటది, కానీ అంతకు ముందు ఏడాది ఆ భూమి అగ్‌లోనో టింబర్‌లోనో ఉండి తీరాలె. హాబిటాట్, నేల కోత ఆపుడు, ప్రిడేటర్ కంట్రోల్, నీళ్ళు, తిండి, గూడు, లెక్కపెట్టుడు, ఈ ఏడు పనుల్ల మూడు ప్రతి సంవత్సరం చెయ్యాలె. బెర్ముడా తీసేసి డిస్క్ తోలుడు, కుంట, ఫీడరు, ట్రైల్ కెమెరాతోటి సర్వే, నువ్వు చేద్దామనుకున్నవే దాంట్లోకి వస్తయి. పెద్ద రాంచ్‌ని ఈ మధ్యనే ముక్కలు కొట్టి అమ్ముతున్నరనుకో, ముక్కకి ఇంత సైజు ఉండాలె అని అదనంగ ఒక రూల్ పడతది, సంతకం పెట్టకముందే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి ఫోన్ చేసి అడుగు. వాడకం మారిస్తే మూడేళ్ళ రోల్‌బ్యాక్ పన్ను (వెనకటి ఏండ్లల్ల తగ్గిన పన్ను మళ్ళ కట్టుడు) పడతది, అది ఎవరు కట్టాలో కాంట్రాక్టులనే రాయించు.

టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ కౌంటీ బయాలజిస్ట్ ఉంటడు, ఫ్రీగ వచ్చి భూమంతా నీతోటి తిరిగి ప్లాన్ రాసుకొనుడుకు సాయం చేస్తడు. చుట్టుపక్కల వైల్డ్‌లైఫ్ కోఆప్ ఏదన్న ఉందా అని కూడ ఆయననే అడుగు. ఉంటే ఆ భూమికి పది వేలు ఎక్కువైనా పెట్టొచ్చు, ఎందుకంటే పక్కోళ్ళు అందరు కలిసి మూడేళ్ళ బక్‌ని ఇడిసిపెడదాం అని ఒప్పుకున్న చోట నీ 60 ఎకరాలు వేల ఎకరాల పని చేస్తయి.

సత్తుపల్లి_టు_ఫ్రిస్కో

ఇంత రాసినందుకు అందరికీ దండాలు. అన్నా చివరగా ఒకటి, రోడ్ దక్షిణం వైపు మాత్రమే ఉంది, లోపలికి వెళ్ళాలంటే అదొక్కటే దారి. అది ఇబ్బందా?

రెడ్‌రివర్_రైతు

మంచి ప్రశ్న, ఇది ఎక్కువ మంది అడగరు. మన దిక్కు ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణం గాలి. ఆ గాలిలో దక్షిణం కెళ్ళి లోపలికి నడిస్తే నీ వాసన నీకంటే ముందు అడవంతా పోతది. కానీ నవంబర్‌ల కోల్డ్ ఫ్రంట్ దిగంగనే గాలి ఉత్తరానికి తిరుగుతది, జింకలు బాగ కదిలేది కూడ ఆ రోజులల్లనే, అప్పుడు దక్షిణం కెళ్ళి పోవుడు నీకు వాటం. కాబట్టి ఇబ్బంది ఏం లేదు, ఒక్కటే షరతు, దక్షిణం గాలి ఉన్నరోజు మంచి స్టాండ్‌కి (వేటకు కూసునే చోటు) పోకు. రోడ్డు దగ్గరే ఒక బ్లైండ్ పెట్టుకొని పిల్లలని అక్కడ కూసోబెట్టు, యూత్ లైసెన్స్ 7 డాలర్లే. లోపల ఓక్ అడవిలో ఒక 15 ఎకరాలు అస్సలు కాలు పెట్టకుండ ఇడిసిపెట్టు, తూర్పు రాంచ్ దిక్కు ఆనుకొని ఉన్న మూల అయితే ఇంకా మంచిది, పడమర ముక్కల్లో తుపాకులు పేలంగనే పెద్దవి వచ్చి దాక్కునేది అక్కడనే. కంచె స్తంభాలకు పర్పుల్ పెయింట్ కొట్టు, టెక్సస్‌లో అది నో ట్రెస్‌పాసింగ్ బోర్డుతో సమానం.

బో_అండ్_యారో

కెమెరా ఫోటోల మీద డేట్ స్టాంప్ చూడు బ్రో, ఏజెంట్ చూపించినవి ఏ ఏడాదివో, ఆ భూమివేనో. వెనకాల చెట్టో, ఫీడరో గుర్తుపెట్టుకుని సైట్‌కి వెళ్ళినప్పుడు అదే స్పాట్ చూపించమని అడుగు.

సత్తుపల్లి_టు_ఫ్రిస్కో

ఓకే, శనివారం వెళ్తున్నాం, తూర్పు రాంచ్ వాళ్ళని కలవడానికి ప్రయత్నిస్తా, బయాలజిస్ట్‌కి ఈమెయిల్ పెట్టాను. టైటిల్ కమిట్‌మెంట్ అడిగాను, షెడ్యూల్ బి వచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెడతా, చూసి చెప్పండి.